కత్తి దిగినట్టు కనిపించాలి, దిగకూడదు

నందిగామ, కీసర, జగ్గయ్యపేట దారిలో మ్యాజిక్ షోలు చేసుకునేవాళ్లకి ఇప్పుడు బుకింగ్ ఫోన్‌లోనే ఒక ప్రశ్న ఎదురవుతోంది. "పావురాలు, పేకముక్కలు సరేనండీ, ఒళ్లు జలదరించే ఐటమ్ ఏదైనా ఉందా?" అడిగేది కాలేజీ ఫెస్ట్ కమిటీ కుర్రాళ్లు కావచ్చు, తిరునాళ్లలో స్టేజి ప్రోగ్రాం చూసుకునే పెద్దమనిషి కావచ్చు. రీల్స్‌లో చూసింది తమ ఊళ్లోనూ జరగాలంటారు. మన దగ్గర లేదంటే ఇంకో మెజీషియన్‌కి ఫోన్ చేస్తారు. కాబట్టి ఈ ఐటమ్‌లు చెయ్యాలా వద్దా అనే చర్చ ఇక్కడ పెట్టను. ఏ సామాను కొనాలి, కొన్నదాన్ని ఎలా కాపాడుకోవాలి, ఎక్కడ దెబ్బతింటాం అనేదే చెబుతాను.

ముందు ఒక భ్రమ వదిలించుకుందాం. ఈ ఐటమ్‌ల రహస్యానికి మనం అనుకున్నంత విలువ లేదు. నాలుకలో శూలం ఎలా దిగుతుందో, నిమ్మకాయలోంచి రక్తం ఎలా కారుతుందో హేతువాదులు ఊరూరా తిరిగి విప్పి చూపించడం మొదలుపెట్టి దశాబ్దాలయింది. గోరా 1940లో ముదునూరులో పెట్టిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడ పటమటకి వచ్చింది. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు స్కూళ్లలో ఈ కిటుకులనే సైన్సు పాఠంగా చెబుతారు. కోయంబత్తూరు దగ్గర పోదనూరు నుంచి బి. ప్రేమానంద్ దేశమంతా తిరిగి బాబాల మహిమల గుట్టు విప్పారు. మీ ముందు కూర్చున్న జనంలో నలుగురైదుగురికి సంగతి ముందే తెలిసి ఉంటుందని అనుకునే స్టేజి ఎక్కండి. వాళ్లకి కూడా గుండె ఒక్క క్షణం ఆగినట్టు అనిపించాలంటే పనిలో శుభ్రత ఉండాలి. ఆ శుభ్రత సగం చేతిలో ఉంటుంది, సగం సామానులో ఉంటుంది.

ఏ సామాను కొనాలి

కొనేముందు మీరు తేల్చుకోవాల్సింది ఒకటే. ఈ సామాను పాడైతే ఎటువైపు పాడవుతుంది? గుట్టు తెలిసిపోయే వైపా, మనిషికి గాయమయ్యే వైపా? షాపులో ఎవరూ ఈ సంగతి ఎత్తరు. అక్కడ సామాను కొత్తగా ఉంటుంది, దుమ్ము ఉండదు, ఏసీ ఉంటుంది, చేసి చూపించే మనిషి రోజూ అదే చేస్తుంటాడు. అక్కడ బాగా పనిచేసిందంటే మీకు తెలిసింది ఏమీ లేదు.

చేతికి గుచ్చే కత్తి సంగతి చూడండి. మధ్యలో చెయ్యి పట్టేంత వంపు ఉంటుంది. ఆ వంపు చేతి వెనక్కి పోతుంది, ముందు నుంచి చూస్తే కత్తి ఇటు దిగి అటు తేలినట్టు ఉంటుంది. దాని వెల్డింగ్ ఊడిపోయిందనుకోండి, రెండు ముక్కలై కింద పడుతుంది. నలుగురూ నవ్వుతారు. పరువు పోతుంది, చెయ్యి పోదు. నాలుకకి, బుగ్గకి, ముక్కుకి పెట్టే చువ్వలూ ఈ జాతివే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇక్కడే మొదలుపెట్టాలి.

చెయ్యి నరికే గిలెటిన్ దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి, ఎందుకంటే పైకి ఒకేలా కనిపించేవాటిలో రెండు రకాలున్నాయి. ఒక రకంలో కాయను కోసే బ్లేడు, చేతి మీద పడ్డట్టు కనిపించే బ్లేడు వేర్వేరు ముక్కలు. చెయ్యి ఉన్న రంధ్రంలోకి పదును వెళ్లే దారే ఉండదు. ఏది ఇరుక్కున్నా, ఏది ఊడినా ఐటమ్ ఆగిపోతుంది, అంతే. రెండో రకంలో ఒకటే బ్లేడు ఉంటుంది. ఒక చిన్న స్ప్రింగో, కొక్కెమో దాన్ని సమయానికి పక్కకు తప్పిస్తుంది. ఆ స్ప్రింగు పట్టు తప్పిన రోజు బ్లేడు మణికట్టు మీదకి వస్తుంది. చవకగా దొరికేవాటిలో ఈ రెండో రకం ఎక్కువ. కొనేటప్పుడు స్ప్రింగు తీసేసి, చెయ్యి పెట్టే చోట ములక్కాడ పెట్టి, బ్లేడు వదలమనండి. ములక్కాడ తెగిందా, ఎంత తగ్గించి ఇస్తానన్నా ఆ సామాను అక్కడే వదిలేసి రండి. తీసి చూపించడం కుదరదన్నా అదే చెయ్యండి.

కప్పుల కింద మేకు దాచి, మిగిలిన కప్పుల మీద అరచెయ్యి వేసి కొట్టే ఐటమ్ ఒకటుంది. దీనికి ఖర్చు దాదాపు లేదు, జనం ఊపిరి బిగబట్టి చూస్తారు, అందుకే కుర్రాళ్లకి మోజు. 2016లో పోలండ్‌లో ఒక టీవీ చానల్ ఉదయం కార్యక్రమంలో, లైవ్‌లో, మెజీషియన్ యాంకరమ్మ చెయ్యి పట్టుకుని కాగితపు సంచి మీద కొట్టించాడు. మేకు ఉన్నది ఆ సంచిలోనే. అరచేతిలో దిగింది. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. మేకు ఏ కప్పు కింద, ఏ సంచిలో ఉందో గుర్తుపెట్టుకోవడం మీద నడిచే ఐటమ్ ఇది. తప్పు జరిగితే ఒక్క వైపే జరుగుతుంది, అది గాయమే. స్టేజి మీద లైట్లు కొట్టుకుంటుంటే, మైక్ కీచుమంటుంటే, వెనకనుంచి ఎవడో పేరు పెట్టి కేక వేస్తుంటే జ్ఞాపకం ఎంతవరకు నిలుస్తుందో మనకందరికీ తెలుసు. నా మాట వినేవాళ్లుంటే ఈ ఐటమ్ అసలు పెట్టుకోవద్దు. పెట్టుకుని తీరతామంటే మేకు మెత్తని రబ్బరుదై ఉండాలి, అసలు మేకు జనానికి చూపించి పక్కన పెట్టాలి, ప్రేక్షకుల చెయ్యి మాత్రం ఎప్పుడూ పట్టుకోకూడదు.

కత్తుల పెట్టె, గంప ఐటమ్‌లు మన జనానికి పాతవే. సంతల్లో, కూడళ్లలో గారడివాళ్లు గంపలో పిల్లాణ్ని కూర్చోబెట్టి కత్తులు దూర్చడం తాతల నాటి నుంచి చూస్తున్నారు. ఇందులో పెట్టె ఎంత ముఖ్యమో లోపలి మనిషి ఒళ్లు అంత ముఖ్యం. అసిస్టెంట్ మారితే పెట్టె కొలతలు మారినట్టే లెక్క. ఏడాదిలో నాలుగు కిలోలు బరువు పెరిగిన మనిషికి పాత రంధ్రాలు పనికిరాకపోవచ్చు. ప్రతి కత్తికీ నంబరు, ప్రతి రంధ్రానికీ అదే నంబరు లోపలివైపు కూడా రాయండి. లోపలి మనిషి "ఊఁ" అన్నాకే కత్తి కదలాలి. మీరు పాటకి తగ్గట్టు దూరుస్తూ పోతే, లోపల చీర కొంగు ఇరుక్కుని ఆమె ఒక రెండు సెకన్లు వెనకబడితే చాలు. కత్తి మొన గుండ్రంగా అరగదీసి ఉండాలి. దూరం నుంచి గుండ్రటి మొనకీ వాడి మొనకీ తేడా ఎవరికీ తెలియదు.

నిజంగానే గుచ్చుకుని చూపిస్తాననేవాళ్లు కూడా తగులుతుంటారు. మిరిన్ దాజో అనే డచ్ మనిషి 1947లో స్విట్జర్లాండ్‌లో ఒంట్లోంచి నిజంగానే సన్నని కత్తి దూర్పించుకుని, డాక్టర్ల చేత ఎక్స్‌రే కూడా తీయించుకున్నాడు. 1948లో ఒక ఉక్కు సూది మింగాడు. ఆపరేషన్ చేసి తీసిన కొద్దిరోజులకే చనిపోయాడు. వయసు 35. అది మన పని కాదు.

ఇక ధర. లెక్కకి ఒకటి 6,000 రూపాయలు, ఇంకొకటి 15,000 అనుకుందాం. మొదటిది 20 షోలకి ఊగిపోతే షోకి 300 పడ్డట్టు. రెండోది ఏటా కాస్త రిపేరుతో 100 షోలు వస్తే షోకి 150, రిపేరు కలుపుకున్నా 200 దాటదు. పైగా మొదటిది ఏ షోలో ఊగుతుందో మీకు తెలియదు. కొత్తవాళ్లు అయిదు చవక సామాన్లు కొని పోస్టర్‌లో అయిదు ఫొటోలు వేస్తారు. రెండు గట్టివి కొని, ఆ రెంటినీ కళ్లు మూసుకుని చేసేలా సాధన చేసినవాళ్లకే మళ్లీ మళ్లీ బుకింగ్ వస్తుంది.

స్టీలు విషయంలో ఒక మాట. అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి ఇది 304 గ్రేడు అని అమ్మేవాడు చెబితే తలూపకండి. చవక 202 గ్రేడుకి కూడా అయస్కాంతం అంటదు. మంచి 304 రేకుకే వంచిన చోట కాస్త అంటుకుంటుంది. నోట్లో పెట్టే చువ్వకి మాత్రం గ్రేడు రాసి ఇచ్చే బిల్లు అడగండి. నికెల్ పూత పూసిన ఇనుము నోట్లోకి వద్దు. పూత పొరలుగా లేస్తుంది, లేచిన పొర నాలుకని కోస్తుంది, కింద తుప్పు పడుతుంది.

అన్నీ కలకత్తా నుంచో, బొంబాయి నుంచో తెప్పించాల్సిన పని లేదు. విజయవాడ ఆటోనగర్‌లో లేతు మీద పనిచేసేవాళ్లకి కొలతలు గీసిచ్చి, అంచులు ఎక్కడ మొండిగా ఉండాలో వివరంగా చెబితే వంపు కత్తి, గిలెటిన్ ఫ్రేము షాపు సరుకుకంటే గట్టిగా చేసిస్తారు. ఇది మ్యాజిక్ సామాను అని దాచకండి. ఎక్కడ చెయ్యి పెడతారో తెలిస్తేనే అతను అక్కడ బఫింగ్ బాగా చేస్తాడు. తెగిన చెయ్యి బొమ్మ లాంటివి కావాలంటే దగ్గర్లో కొండపల్లి ఉంది. తెల్లపొణికి కర్ర తేలిక, చింతగింజల మక్కుతో ఆకారం దిద్దడం వాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. అయితే ఆ కర్ర మెత్తన, బ్లేడు జారే గాడికి దాన్ని వాడకండి. గాడికి టేకు గానీ, యాక్రిలిక్ గానీ ఉండాలి.

ఇంకో సంగతి షాపులో తట్టదు. అక్కడ సామాను మీ కళ్ల ఎత్తులో చూపిస్తారు. మన షోల్లో పిల్లలు స్టేజి ముందు పట్టాల మీద కూర్చుని కింద నుంచి పైకి చూస్తారు. పెద్దవాళ్లకి కనపడని వంపు వాళ్లకి కనపడుతుంది, అరిచేదీ వాళ్లే. కొత్త సామాను ఇంటికి తెచ్చాక ఫోన్‌ని నేల మీద పెట్టి, ఎడమ పక్క, కుడి పక్క, కింద నుంచి వీడియో తీసి చూసుకోండి. వీధిలో జనం చుట్టూ నిలబడే చోట వంపు సామాను అసలు తియ్యకండి. వెనకాల గోడో, పరదానో ఉండాలి.

రక్తం

ఘోరం అంటే రక్తం ఎంత ఎక్కువుంటే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. 1921 జనవరి 17న లండన్‌లో పి.టి. సెల్బిట్ మనిషిని పెట్టెలో పెట్టి రంపంతో కోసే ఐటమ్‌ని ప్రజల ముందు మొదటిసారి చేశాడు. స్టేజి మీద రక్తం లేదు. షోల మధ్యలో ఎర్రటి నీళ్లు బకెట్లతో తెచ్చి థియేటర్ బయట కాలవలో పోయించేవాడు. చూసినవాళ్లకి అది చాలింది. మనకీ చాలు. ఒక చుక్క కారి ఆగితే చెయ్యి తెగిందనిపిస్తుంది, లీటరు కారితే డబ్బా ఎక్కడుందా అని వెతుకుతారు.

పసుపు, సున్నం కలిపి ఎర్రరంగు తెద్దామనే ఆలోచన అందరికీ వస్తుంది. మన ఊళ్లలో అది పనిచెయ్యదు. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లు "దిష్టినీళ్లు" అని ఒక్క చూపులో పట్టేస్తారు. పైగా సున్నం కంట్లో పడితే చూపుకే ముప్పు. ఫెర్రిక్ క్లోరైడ్ చేతికి రాసి, పొటాషియం థయోసైనేట్‌లో ముంచిన కత్తిని దాని మీద గీస్తే నెత్తురు గీత పడుతుంది. హేతువాదులు చూపించే పద్ధతి అది, రంగు బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఎలక్ట్రానిక్స్ వాళ్లు రాగి పలకని కరిగించేది ఆ ఫెర్రిక్ క్లోరైడ్‌తోనే. మీ కత్తినీ తింటుంది, బట్ట మీద పడితే మరక పోదు, పచ్చిగాయం మీద మండుతుంది. థయోసైనేట్‌ని గాఢ ఆమ్లం దగ్గరకి, మంట దగ్గరకి తీసుకెళ్తే విషవాయువులు వస్తాయి. మీ షోలో నిప్పు ఐటమ్ కూడా ఉంటే ఆ సామానూ, థయోసైనేటూ ఒకే పెట్టెలో ఉండకూడదు. వాడి తీరాలంటే పల్చగా కలిపి, తెగని చర్మం మీద మాత్రమే, నోటికి దూరంగా వాడి, ఐటమ్ అవగానే కడిగెయ్యండి.

రోజువారీ షోలకి లిక్విడ్ గ్లూకోజ్, నీళ్లు, తినే ఎర్రరంగు, చిటికెడు కోకో పొడి సరిపోతాయి. కోకో వెయ్యకపోతే గులాబీ షర్బత్‌లా ఉంటుంది. నోట్లోకి వెళ్లేదానికి తినే రంగు డబ్బా మీద కార్మోయిసిన్ అనో, పొన్సో 4ఆర్ అనో రాసి ఉందో లేదో చూసుకోండి. హోలీ రంగు, బట్టల రంగు, కుంకుమ నోటి దగ్గరకి రానివ్వకండి. ఈ పాకం ఏ రోజుకి ఆ రోజు కలుపుకోండి, ఎండాకాలంలో మర్నాటికి పులిసి వాసన కొడుతుంది.

దీంతో వచ్చే అసలు తంటా షో అయ్యాక మొదలవుతుంది. రాత్రి పదకొండింటికి అలసిపోయి సామాను అలాగే సర్దేస్తాం. పాకం గిలెటిన్ గాడిలో ఎండిపోతుంది. మర్నాడు ఇంకో ఊళ్లో బ్లేడు సగం దిగి ఆగుతుంది. మెజీషియన్ జనం ముందు కంగారుపడి పైనుంచి చేత్తో గట్టిగా నొక్కుతాడు. ఈ ఐటమ్‌లలో దెబ్బలు తగిలే పద్ధతుల్లో నాకు తెలిసినంతలో ఇదే ముందు వరసలో ఉంటుంది. సామాను పాడవ్వడం వల్ల కాదు, ఆగిపోయిన సామానుని బలవంతంగా కదిలించడం వల్ల. కాబట్టి రెండు నియమాలు. షో అయిన రాత్రే గోరువెచ్చని నీళ్లతో గాడి కడిగి ఆరబెట్టాలి. చక్కెర నీళ్లకే కరుగుతుంది, కిరోసిన్, పెట్రోలు పొయ్యకండి, అవి రబ్బరుని, పెయింట్‌ని తినేస్తాయి. రెండోది, స్టేజి మీద ఏదైనా ఆగితే నొక్కకూడదు. చెయ్యి బయటికి తియ్యండి, నవ్వండి, తర్వాతి ఐటమ్‌కి వెళ్లండి.

దుమ్ము, ఎండ, తడి

జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, లారీలు తిరుగుతాయి. అక్కడ సామాను రెండు గంటలు తెరిచి పెడితే చాలు, వేలితో పేరు రాయొచ్చు. ఆ ధూళి గాడిలో చేరితే ఆకురాయిలా పనిచేస్తుంది. అందుకే జారే భాగాలకి నూనె రాయకండి. నూనె దుమ్ముని పట్టి ముద్ద చేస్తుంది. చెక్క గాడికి కొవ్వొత్తి మైనం రుద్దండి, లోహం మీద లోహం జారే చోట గ్రాఫైట్ పొడి చల్లండి. తలుపులు తియ్యకముందు పొడి బ్రష్‌తో ఒకసారి దులపండి.

రోహిణీ కార్తెలో కారు డిక్కీలో సామాను వదిలెయ్యకండి. లాటెక్స్‌తో చేసిన తెగిన వేళ్లు, గాయం తొడుగులు ఆ వేడికి జిగురెక్కి ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఎండ, నూనె రెండూ లాటెక్స్‌కి శత్రువులే. టాల్కం పౌడరు చల్లి, వెలుతురు పడని డబ్బాలో ఇంట్లోనే పెట్టుకోండి. సిలికాన్ ధర ఎక్కువ, కానీ మన ఎండలకి తట్టుకుంటుంది. ఏడాది పొడుగునా షోలున్నవాళ్లకి సిలికానే గిట్టుబాటు. కొందరికి లాటెక్స్ పడదు, దద్దుర్లు వస్తాయి. అసిస్టెంట్‌కి ముందు మోచేతి మీద రాసి ఒక రోజు ఆగి చూడండి.

వానాకాలంలో ప్లైవుడ్, మామిడి చెక్క పెట్టెలు ఉబ్బుతాయి. ఉబ్బిన గాడిని చిత్రికపట్టి వెడల్పు చేస్తే వేసవిలో అదే గాడి వదులై బ్లేడు ఊగుతుంది. చెక్కబోయే ముందు నీడలో ఆరనివ్వండి. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మునిగి, హైదరాబాద్–విజయవాడ బండ్లు ఆగిపోయిన సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. వరదనీళ్లు తగిలిన సామాను ఉంటే చెక్క భాగాలు కడిగి ఆరబెడితే సరిపోదు. స్క్రూలు, స్ప్రింగులు అన్నీ మార్చండి. బురద స్ప్రింగు చుట్టల మధ్య చేరితే పైకి కనపడదు. స్ప్రింగు ఖరీదు ఎంతని, దాన్ని రెండేళ్లు వాడాలా? నన్నడిగితే తడిసినా తడవకపోయినా ఏటా దసరాకి ఆయుధపూజ పెట్టుకున్నట్టే స్ప్రింగులు మార్చే రోజు కూడా పెట్టుకోవాలి.

వంపు కత్తుల అంచు చూడ్డానికి దూది చాలు. దూది ఉండను అంచు పొడుగునా లాగండి. ఎక్కడ పోగు చిక్కుకుంటే అక్కడ గరుకు లేచినట్టు. సన్న ఎమరీ కాగితంతో రుద్ది మళ్లీ లాగండి. వంపు దగ్గర వెల్డింగ్ మీద గోరుతో గీస్తే సన్న చీలిక తగులుతుంది. చీలిక కనిపించిన ముక్కని మళ్లీ వెల్డింగ్ చేయించి నోట్లో పెట్టొద్దు, పారెయ్యండి.

నోట్లోకి, ఒంటి మీదకి వెళ్లే సామాను ఒక మనిషికి ఒకటి ఉండాలి. స్నేహితుడు అడిగాడని నాలుక చువ్వ అప్పు ఇవ్వకండి, మీరూ తీసుకోకండి. గరుకు అంచు గీరితే కంటికి కనపడనంత రక్తం వస్తుంది. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట ఎండిన రక్తంలో కూడా కనీసం వారం రోజులు బతుకుతుంది. స్పిరిట్ దూదితో తుడిచేస్తే అయిపోయిందనుకోవద్దు. సబ్బునీళ్లతో తోమి, నీళ్లు మరగడం మొదలయ్యాక 20 నిమిషాలు ఉడికించి, శుభ్రమైన గుడ్డలో ఆరబెట్టి మూతున్న డబ్బాలో పెట్టండి. బ్లీచింగ్ నీళ్లలో నానబెడితే స్టీలుకి గుంటలు పడతాయి, ఆ గుంటల్లోనే మురికి చేరుతుంది. మీరూ, మీ అసిస్టెంటూ హెపటైటిస్ బి టీకా వేయించుకోండి. మూడు డోసులు, మొదటిది వేసిన నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది.

బుకింగ్, పోలీసు, ముగింపు

ఒప్పుకునేముందే చూసేది ఎవరో అడగండి. ప్రైమరీ స్కూలు వార్షికోత్సవానికి, పుట్టినరోజు ఫంక్షన్‌కి రక్తం ఐటమ్ వద్దు, వాళ్లే అడిగినా వద్దు. అడిగిన పెద్దమనిషి మర్నాడు తల్లిదండ్రుల ముందు మీ పేరే చెబుతాడు. కాలేజీ ఫెస్ట్‌కైతే ఏం చూపిస్తారో వాట్సాప్‌లో రాసి పంపించి "ఓకే" అనిపించుకోండి. రక్తం చూసి కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు. పడేటప్పుడు తల తగలకుండా చూడ్డానికి ఒక మనిషి కింద ఉండాలి.

14 ఏళ్లలోపు పిల్లల్ని డబ్బు తీసుకునే షోలో గంపలో కూర్చోబెట్టకండి. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ సినిమా, టీవీ, క్రీడల్లో పిల్లలకి షరతులతో మినహాయింపు ఇచ్చింది, సర్కస్‌కి ఇవ్వలేదు. గారడి ప్రదర్శనని అధికారి ఏ లెక్కలో చూస్తాడో చెప్పలేం. సన్నగా ఉండే పెద్ద మనిషిని వెతుక్కోండి.

కత్తులతో ప్రయాణం ఇంకో తలనొప్పి. 9 అంగుళాలకంటే పొడుగు గానీ, 2 అంగుళాలకంటే వెడల్పు గానీ ఉన్న పదునైన కత్తులు ఆయుధాల నిబంధనల్లో ఉన్నాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి, పరిశ్రమకి, శాస్త్రపనికి చేసినవాటికి మినహాయింపు ఉంది, మ్యాజిక్ పేరు అందులో లేదు. మొండి అంచు, గుండ్రటి మొన ఇక్కడ కూడా మిమ్మల్ని కాపాడతాయి. బుకింగ్ లెటరు, పాత షోల ఫొటోలు పెట్టె మూతకి లోపల అతికించి పెట్టుకోండి. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో చెక్‌పోస్టులు ఎక్కువ, అప్పుడు కత్తుల పెట్టె ఇంట్లో ఉంచి వేరే ఐటమ్ పట్టుకెళ్లడమే మేలు. సీటు కింద గోనెసంచిలో కత్తులు చుట్టి ఆర్టీసీ బస్సెక్కడం ఎప్పుడూ మంచిది కాదు.

ఐటమ్ ముగింపు గురించి మెజీషియన్ పి.సి. సర్కార్ కథ చాలామందికి తెలుసు. 1956 ఏప్రిల్ 9న బీబీసీ పనోరమాలో దీప్తి డే అనే అసిస్టెంట్‌ని గుండ్రటి రంపంతో కోశారు. ఆమె లేవలేదు. యాంకర్ రిచర్డ్ డింబుల్బీ కార్యక్రమం అయిపోయిందని ముగించేశాడు. అమ్మాయి చచ్చిపోయిందనుకుని జనం బీబీసీకి ఫోన్లు చేశారు. లండన్‌లో సర్కార్ షోలకి అది గొప్ప ప్రచారం అయింది. ఇది విని మన కుర్రాళ్లు కూడా మనిషిని లేపకుండా లైట్లు ఆర్పేద్దామనుకుంటారు. సర్కార్‌కి మర్నాడు పేపర్లున్నాయి, అమ్మాయి క్షేమంగా ఉందని చెప్పడానికి. మీకు ఉండేది అర నిమిషం వీడియో, దాన్ని ఊళ్లన్నిటికీ పంపే వాట్సాప్ గ్రూపు. తెగిన చెయ్యిని అదే లైట్‌లో అందరి ముందూ కడిగి చూపించండి. అసిస్టెంట్‌ని నడిపించి నమస్కారం పెట్టించండి.

షో రోజు సామాను రెండుసార్లు చూడాలి. ఇంటి నుంచి బయలుదేరేముందు ఒకసారి, స్టేజి మీదకి తీసుకెళ్లే ముందు ఇంకోసారి. మధ్యలో సౌండ్ సిస్టం కుర్రాడు మీ గిలెటిన్ మీద కాలు పెట్టి ఉండొచ్చు, పెళ్లివారి పిల్లలు బ్లేడు నాలుగుసార్లు ఎత్తి దించి ఉండొచ్చు. పెట్టెకి తాళం వెయ్యండి, తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి. రెండోసారి చూసినప్పుడు గిలెటిన్‌లో పెట్టిన ములక్కాడ మీద చిన్న గీత పడినా ఆ ఐటమ్ ఆ రోజుకి లేనట్టే. పోస్టర్ మీద ఫొటో ఉందనో, అడ్వాన్స్ తీసుకున్నామనో మొహమాటపడకండి. బుక్ చేసినవాళ్లకి ఉన్నది ఉన్నట్టు చెప్పి కొంత తగ్గించుకోండి. మణికట్టు నరం తెగితే అతికించే సర్జన్ కోసం విజయవాడ పరుగెత్తాలి, పండగ రోజుల్లో కీసర టోల్‌గేటు దగ్గర ఎంతసేపు ఆగాల్సి వస్తుందో మీకు తెలిసిందే.